సూర్యారావుపేటలో ఓ హాస్పిటల్ ల్యాబ్: సూది దగ్గర 5 మార్కులు, కౌంటర్ దగ్గర 2

సూర్యారావుపేటలో కళ్ళు మూసుకుని రాయి విసిరితే ఏదో ఒక హాస్పిటల్ అద్దం పగులుద్ది, విజయవాడ సంగతి తెలిసిందేగా. వాటిల్లో ఒక మీడియం సైజు హాస్పిటల్ ల్యాబ్ గురించి ఈ రివ్యూ. పేరు రాయట్లేదు, పొగడ్తలతో పాటు తిట్లు కూడా ఉన్నాయి కాబట్టి, పైగా ఇందులో చెప్పేది మీ ఊళ్ళో మీరెళ్ళే ల్యాబ్‌కి కూడా పనికొస్తది. నాన్నకి షుగరుంది, కిడ్నీ కొంచెం వీకు, గుండె సరిగ్గా లయలో కొట్టుకోదని రక్తం గడ్డ కట్టకుండా ఏసిట్రోమ్ టాబ్లెట్ వాడతారు, అంటే కిడ్నీకి క్రియాటినిన్, పొటాషియం, రక్తం ఎంత పల్చబడిందో చూసే ఐఎన్‌ఆర్ అని నెలనెలా రక్తం ఇవ్వాల్సిందే, పాలవాడి ఖాతా లాగా మా ఇంట్లో ల్యాబ్ ఖాతా కూడా ఒకటి నడుస్తా ఉంటది.

నేను ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా (డీఎమ్‌ఎల్‌టీ) చేసి కొన్నేళ్ళు ల్యాబ్‌లో పని చేశా, ఇప్పుడు హార్డ్‌వేర్ షాపు చూసుకుంటున్నా, అయినా ఆ చూపు పోలేదు. ల్యాబ్‌ల మీద జనం రాసే రివ్యూలు చదివితే నవ్వొస్తది. ఏసీ బాగుంది, స్టాఫ్ నవ్వుతూ మాట్లాడారు, రిపోర్టు మధ్యాహ్నానికల్లా వాట్సాప్‌లో వచ్చేసింది, 5 స్టార్లు. ఆ రిపోర్టులో ఉన్న అంకె నిజమా కాదా అన్నది ఎవరికీ పట్టదు, మిషన్ జర్మనీదో జపాన్‌దో అయితే చాలు రిజల్టు కరెక్టని మన నమ్మకం. కానీ ల్యాబ్ తప్పుల మీద వచ్చిన స్టడీలు మళ్ళీ మళ్ళీ చెప్పేదేంటంటే సగానికి పైగా తప్పులు శాంపిల్ మిషన్ దాకా వెళ్ళకముందే జరిగిపోతాయి, డాక్టర్ రాసిన చీటీ, పేషెంట్ పేరు, సూది, ట్యూబు, లేబుల్, ట్యూబుని మోసుకెళ్ళడం, వీటి దగ్గర. అందుకే నేను ఏ ల్యాబ్‌కెళ్ళినా మిషన్ కంపెనీ అడగను, రక్తం తీసే అమ్మాయి చేతుల వంక చూస్తా.

ఈ ల్యాబ్‌లో ఆ చేతులు బాగున్నాయి. అక్కడి నుంచే మొదలెడతా.

పేరు అడిగే పద్ధతి చూడండి. "సుబ్బారావు గారేనా?" అని అడిగితే మన పెద్దాళ్ళు ఏం చేస్తారు, చెవి సరిగ్గా వినపడదు, ఫాస్టింగ్‌లో ఉన్న నీరసం ఒకటి, ఆఁ ఆఁ అని తలూపేసి చెయ్యి చాపేస్తారు. ఇక్కడ అలా అడగరు. "మీ పేరు చెప్పండి బాబాయ్ గారూ" అంటది, తర్వాత వయసు చెప్పమంటది, చేతిలో స్లిప్పు మీదున్న యూహెచ్‌ఐడీ, అంటే హాస్పిటల్ వాళ్ళు ఒక్కో పేషెంట్‌కి ఇచ్చే నంబర్‌తో కంప్యూటర్లో నంబర్ కలుస్తుందో లేదో చూసుకుని అప్పుడు చెయ్యి పట్టుకుంటది. నాన్నకి ఒళ్ళు మండింది. "కౌంటర్లో చెప్పా, గుమ్మం దగ్గర చెప్పా, ఇప్పుడు నీకు, నా పేరు ఏమన్నా అంత కష్టంగా ఉందా అమ్మాయ్" అన్నాడు. ఆ పిల్ల కోప్పడలా, "కష్టం కాదండీ, పొద్దున్నుంచి సుబ్బారావు గార్లు ముగ్గురొచ్చారు, మీకూ ఇంకొకాయనకీ ఇంటి పేరు మొదటి అక్షరం కూడా ఒకటే" అంది. నాన్న సైలెంట్.

ఇది నవ్వుకునే విషయం కాదు. బెజవాడ వెయిటింగ్ హాల్లో దుర్గా అని పిలిస్తే నలుగురు లేచి నిలబడతారు, వెంకటేశ్వర్లు, నాగేశ్వరరావు, లక్ష్మి సంగతి సరే సరి. ఇంటి పేరు ఒకళ్ళు ముందు రాస్తారు ఒకళ్ళు వెనక రాస్తారు, ఆధార్‌లో ఒక స్పెల్లింగు, ఆరోగ్యశ్రీ కార్డులో ఇంకోటి. పేరొక్కదాన్నే నమ్ముకుని ట్యూబు నింపితే ఒకాయన క్రియాటినిన్ ఇంకొకాయన ఫైల్లోకి పోద్ది, ఇద్దరికీ మందులు మారిపోతాయి, ఎవరికీ తెలియను కూడా తెలియదు. ల్యాబ్‌లో అన్నిటికంటే భయపడాల్సిన తప్పు ఇదే నా లెక్కలో, ఎందుకంటే మిషన్‌కి రక్తం ఎవరిదో తెలియదు, తప్పు మనిషి రక్తానికి కూడా కరెక్టు రిజల్టే ఇస్తది.

లేబుల్ కూడా రక్తం తీశాకే అంటించింది, నాన్న కుర్చీలోంచి లేవకముందే, అంటించాక ఆయనకి చూపించి "ఇది మీ పేరేగా" అని మళ్ళీ. లేబుళ్ళు ముందే అంటించుకుని ట్రే నిండా ట్యూబులు పెట్టుకుని మంచం మంచానికీ తిరిగే పద్ధతి ఇంకా చాలాచోట్ల ఉంది, అది చూస్తే మాత్రం ఆ ల్యాబ్ గురించి ఒకసారి ఆలోచించండి.

ఇదే లైన్లో ఇంకో సంగతి. మా చిన్నాన్న కొడుక్కి ఇక్కడే ఆపరేషన్ అయింది, రక్తం రెడీగా పెట్టాలని బ్లడ్ బ్యాంకు వాళ్ళు గ్రూపు కోసం ఒకసారి తీసుకెళ్ళారు, కాసేపాగి వేరే టెక్నీషియన్ వచ్చి మళ్ళీ తీశాడు. పిన్ని గొడవ పెట్టుకుంది, డ్రైవింగ్ లైసెన్స్ మీద గ్రూపు ఉందిగా మళ్ళీ మళ్ళీ పొడుస్తారేంటి అని. లైసెన్స్ మీద గ్రూపు మనం ఫారంలో ఏం రాస్తే అదే పడుద్ది పిన్నీ అని చెప్పి సర్దిచెప్పా. రెండు వేరు వేరు టైముల్లో తీసిన శాంపిల్స్ రెండూ ఒకే గ్రూపు చూపిస్తేనే రక్తం ఇస్తారన్నమాట, మొదటి ట్యూబులో పొరపాటున పక్క మంచం వాళ్ళ రక్తం ఉంటే రెండోదాని దగ్గర పట్టుబడుద్ది. ఆ రెండో సూదికి విసుక్కోకండి.

ఇప్పుడు ట్యూబుల సంగతి. నాన్న నరాలు సన్నం, బటర్‌ఫ్లై సూది పెట్టింది. ఐఎన్‌ఆర్ కోసం లేత నీలం మూత ట్యూబు ముందు పెట్టాలి, కానీ దానికంటే ముందు ఒక ఖాళీ ట్యూబు పెట్టి కొద్దిగా రక్తం తీసి పక్కన పడేసింది. నాన్న "అదేంటమ్మా పారేస్తున్నావు" అన్నాడు, ఆయన బాధ ఆయనది. నాకు మాత్రం అక్కడే మనసు నిండిపోయింది. బటర్‌ఫ్లై సూదికి ఉండే సన్న గొట్టంలో గాలి ఉంటది, ఆ గాలి నీలం ట్యూబులోకి వెళ్తే రక్తం గీత దాకా నిండదు. ఆ ట్యూబులో రక్తం గడ్డ కట్టకుండా 0.3 ఎమ్‌ఎల్ సిట్రేట్ అనే ద్రవం ఉంటది, దానికి 2.7 ఎమ్‌ఎల్ రక్తం పడాలి, అంటే ఒకటికి తొమ్మిది. రక్తం తగ్గితే సిట్రేట్ ఎక్కువైపోయి ఐఎన్‌ఆర్ ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తది, డాక్టర్ గారు అబ్బో రక్తం బాగా పల్చబడింది అని ఏసిట్రోమ్ డోసు తగ్గిస్తారు, ఇంటికెళ్ళాక గడ్డ కట్టి పక్షవాతం వచ్చిందనుకోండి, అప్పుడు ఆ సగం నిండిన ట్యూబు ఎవరికి గుర్తుంటది?

నీలం తర్వాత క్రియాటినిన్, పొటాషియంకి పసుపు మూత, తర్వాత రక్తకణాలు లెక్కపెట్టే సీబీపీకి ఊదా రంగు, ఆఖర్న షుగర్‌కి బూడిద రంగు. ఈ వరస తప్పకూడదు. ఊదా ట్యూబులో గడ్డ కట్టకుండా ఉండేది పొటాషియం ఉన్న ఈడీటీఏ అనే కెమికల్, అది పసుపు ట్యూబులోకి చుక్క అంటినా పొటాషియం పెరిగి కాల్షియం తగ్గినట్టు వస్తది. సిరంజితో తీసి ఊదా దాంట్లో ఎక్కువైంది కదా అని పసుపు దాంట్లోకి వంచే మహానుభావుల్ని నేను చూశా, ఇక్కడ అలాంటివి కనపడలా. ట్యూబుల్ని ఊపకుండా మెల్లిగా పైకీ కిందకీ తిప్పింది, చేతికి కట్టిన పట్టీ రక్తం రాగానే వదిలేసింది, గుప్పిట మూసి తెరవమని పదే పదే చెప్పలా, అలా పిసికినా పొటాషియం పెరుగుద్ది.

అయితే ఈ ల్యాబ్‌కి నేను 5 ఇవ్వడానికి అసలు కారణం ఇవేవీ కాదు. ఒకరోజు రక్తం ఇచ్చి ఇంటికొచ్చి టిఫిన్ చేస్తుంటే ఫోనొచ్చింది, "సార్, నాన్నగారి శాంపిల్ హీమోలైజ్ అయిందండీ, పొటాషియం రిపోర్టు ఇవ్వలేం, వీలు చూసుకుని రండి, మళ్ళీ తీస్తాం, డబ్బులేం కట్టక్కర్లేదు" అని. హీమోలైజ్ అంటే శాంపిల్‌లో ఎర్రకణాలు పగిలిపోవడం. చాలామంది ఇక్కడే మండిపడి 1 స్టార్ పెడతారు. పెద్దాయన్ని మళ్ళీ ఆటో ఎక్కించి తీసుకెళ్ళాలి, రెండోసారి సూది, కోపం రావడం సహజమే. నేను మాత్రం ఆ ఫోన్‌కే ఈ ల్యాబ్‌ని నమ్మా.

ఎందుకో చెప్తా. ఇంతకుముందు వేరే హాస్పిటల్‌కి వెళ్ళేవాళ్ళం, దాని పేరూ వద్దు. ఒకసారి అక్కడ పొటాషియం 6.7 అని వచ్చింది. రాత్రి పదింటికి ఫోను, వెంటనే తీసుకురండి గుండె ఆగిపోవచ్చు అని, అమ్మ ఏడుపు, నేను బండి తీయడం, ఎమర్జెన్సీలో ఈసీజీ తీస్తే నార్మల్‌గా ఉంది, డ్యూటీ డాక్టర్ కుర్రాడు తెలివైనవాడు కాబట్టి మందులు మొదలుపెట్టకుండా మళ్ళీ శాంపిల్ పంపించాడు, 4.8. మొదటి శాంపిల్‌లో ఎర్రకణాలు పగిలిపోయాయి, అంతే. ఎర్రకణం లోపల పొటాషియం బయట సీరంలో ఉన్నదానికి 20 రెట్లకి పైనే ఉంటది, సన్న సూదితో గట్టిగా లాగినా, ట్యూబుని ఊపినా, సెలైన్ ఎక్కించడానికి చేతికి పెట్టిన క్యాన్యులాలోంచి తీసినా కణాలు పగిలి అదంతా బయటికొచ్చేస్తది. లేత పసుపు రంగులో ఉండాల్సిన సీరం రోజా రంగులోకి తిరిగి కనిపిస్తది, కళ్ళున్న ఎవరికైనా తెలుస్తది. తెలిసినా రిపోర్టు ఇచ్చేశారు, కింద ఒక్క ముక్క కూడా రాయకుండా. టైముకి రిపోర్టు ఇచ్చారు కాబట్టి వాళ్ళ లెక్క ప్రకారం సర్వీసు సూపర్. అదే ఆ రోజు పొటాషియం తగ్గించడానికి ఇన్సులిన్ ఎక్కించి ఉంటే, నిజానికి పొటాషియం బానే ఉన్న మనిషికి, ఏమయ్యేదో నేను చెప్పక్కర్లేదు.

కాబట్టి ఏ ల్యాబైనా శాంపిల్ బాలేదు మళ్ళీ ఇవ్వండి అని ఎప్పుడూ అనలేదంటే వాళ్ళ దగ్గర అందరి శాంపిల్సూ బంగారంలా ఉన్నాయని కాదు, చూడట్లేదని.

రెండోసారి వెళ్ళినప్పుడు ల్యాబ్ ఇన్‌చార్జి మేడమ్‌తో మాట కలిసింది. నేను వాడే మాటలు విని "మీరు ఫీల్డ్ వాళ్ళేనా" అని అడిగి లోపలికి రానిచ్చారు. కలెక్షన్ రూము వెనక గోడ మీద ఒక చార్టు, ఆ నెల వెనక్కి పంపిన శాంపిల్స్ లెక్క, హీమోలైసిస్, గడ్డ కట్టినవి, తక్కువ పడినవి, లేబుల్ తేడాలు, ఏ వార్డు నుంచి ఎన్ని అని రంగు స్కెచ్ పెన్నుతో గీసిన గీతలు. ఎమర్జెన్సీ గీత అన్నిటికన్నా ఎత్తు, ఊహించిందే, అక్కడ హడావిడిలో క్యాన్యులా పెట్టేటప్పుడే దాంట్లోంచి లాగేస్తారు. ఎవరు తీశారో పేరు రాయరా మేడమ్ అంటే "పేరు రాస్తే రేపట్నుంచి చెప్పడం మానేస్తారండీ, ఏ స్టెప్పులో తేడా వచ్చిందో రాస్తాం, ఆ స్టెప్పు మారుస్తాం" అన్నారు. ఎమర్జెన్సీ నర్సులకి విడిగా సూదితో తీయడం నేర్పించాక ఆ గీత దిగిందట, పాత నెలల చార్టులు కింద క్లిప్పుకి పెట్టి ఉన్నాయి, తిరగేసి చూశా, దిగింది, కానీ ఇంకా దిగాలి.

మిషన్ పక్కన మానిటర్ మీద కంట్రోల్ గ్రాఫ్ తెరిచి ఉంది. తెలియనివాళ్ళ కోసం చెప్తా, పొద్దున్నే పేషెంట్ల శాంపిల్స్ పెట్టేముందు విలువ ఎంతుండాలో ముందే తెలిసిన శాంపిల్స్, కంట్రోల్స్ అంటారు, రెండు లెవెల్స్‌వి నడుపుతారు, వచ్చిన అంకెని రోజూ గ్రాఫ్ మీద చుక్కలా పెడతారు. 1950లో లెవీ, జెన్నింగ్స్ అని ఇద్దరు ల్యాబ్‌లకి తెచ్చిన గ్రాఫ్ ఇది, ఏ చుక్క ఎక్కడ పడితే ఆపాలో 1981లో వెస్ట్‌గార్డ్ రూల్స్ రాశాడు, ఇప్పటికీ అవే. ఆ రోజు సోడియం చుక్క 3 ఎస్‌డీ గీత, అంటే ఆపెయ్యాల్సిన హద్దు, దాటింది. టెక్నీషియన్ సోడియం రిపోర్టులన్నీ ఆపేసి ఎలక్ట్రోడ్ సంగతి చూస్తున్నాడు, బయట కౌంటర్ దగ్గర ఒకాయన గంట నుంచి రిపోర్టు రాలేదని గొంతు చించుకుంటున్నాడు. ఆయనకి ఎవరూ కారణం చెప్పకపోవడం మాత్రం తప్పు. మిషన్ సరిచేసుకుంటున్నాం, తప్పు అంకె ఇవ్వడం ఇష్టం లేక ఆపాం అని ఒక్క మాట చెబితే ఆయనే కూర్చునేవాడు.

బయటి పరీక్ష కూడా రాస్తున్నారు, బయోకెమిస్ట్రీకి వెల్లూరు సీఎమ్‌సీ వాళ్ళ ప్రోగ్రాం, హెమటాలజీకి ఢిల్లీ ఎయిమ్స్ వాళ్ళది. విలువ తెలియని శాంపిల్ వస్తది, చేసి పంపితే మిగతా ల్యాబ్‌లతో పోల్చి మీరెక్కడున్నారో చెప్తారు. ల్యాబ్‌ల నాణ్యత చూసి గుర్తింపిచ్చే ఎన్‌ఏబీఎల్ ముద్ర కూడా ఉంది, కానీ దీని గురించి ఒక చిన్న హెచ్చరిక. ఆ ముద్ర మెడికల్ ల్యాబ్‌ల కోసం ఉన్న ఐఎస్‌ఓ 15189 అనే ప్రమాణం ప్రకారం టెస్టుల వారీగా ఇస్తారు, గోడ మీద బోర్డు చూసి అన్ని టెస్టులకీ ఉందనుకోకండి. ఎన్‌ఏబీఎల్ వెబ్‌సైట్‌లో ల్యాబ్ పేరు కొడితే ఏ టెస్టులకి ఉందో లిస్టు వస్తది. వీళ్ళకి నాన్న చేయించే టెస్టులన్నిటికీ ఉంది, కొన్ని హార్మోన్ టెస్టులకి లేదు, ఆ సంగతి రిపోర్టులో చుక్క గుర్తు పెట్టి కింద రాస్తున్నారు, దాచట్లేదు.

ప్లేట్‌లెట్ల కథ ఒకటి చెప్పాలి. వర్షాల టైములో మా బావమరిదికి రెండ్రోజులు జ్వరం, ఇంటి దగ్గర చిన్న ల్యాబ్‌లో సీబీపీ చేయిస్తే ప్లేట్‌లెట్లు 38 వేలు. ఇంకేముంది, డెంగీ అని తేల్చేశారు, అత్తగారు బొప్పాయి ఆకు రసం, చుట్టాల ఫోన్లు, ప్లేట్‌లెట్లు ఎక్కించడానికి డోనర్లు కావాలని స్టేటస్‌లు. ఇక్కడికి తీసుకొచ్చా. మిషన్ ఇక్కడా తక్కువే చూపించింది, కానీ వాళ్ళు అది రిపోర్టు చెయ్యకుండా స్లయిడ్ వేసి మైక్రోస్కోప్ కింద చూశారు, ప్లేట్‌లెట్లు గుంపులు గుంపులుగా అతుక్కుని ఉన్నాయి. కొంతమంది రక్తానికి ఈడీటీఏ పడదు, ఆ ట్యూబులో ప్లేట్‌లెట్లు ముద్దకడతాయి, మిషన్ ఆ ముద్దని లెక్కపెట్టదు. నీలం ట్యూబులో మళ్ళీ తీసి, సిట్రేట్ వల్ల పల్చబడినంత లెక్క కలిపితే 1.6 లక్షలు. డెంగీ పట్టే ఎన్‌ఎస్1 టెస్టు నెగటివ్. పిల్లాడికి మామూలు జ్వరం. రిపోర్టు కింద పాథాలజిస్టు గారు ఈ విషయం రాసి, ఇక ముందు సీబీపీ ఎక్కడ చేయించుకున్నా ఈ కాగితం చూపించమని చెప్పారు. అత్తగారు మాత్రం ఇప్పటికీ బొప్పాయి ఆకు వల్లే పెరిగాయని అంటారు, ఆ వాదన నేను పెట్టుకోను.

ఫోను చేసే పద్ధతి కూడా మెచ్చుకోవాలి. నాన్న అడ్మిట్ అయినప్పుడు తెల్లవారుజామున షుగర్ 48 వచ్చింది, ల్యాబ్ నుంచి వార్డుకి ఫోను, నేను పక్కనే ఉన్నా. నర్సు చెప్పింది విని పెట్టెయ్యలా, పేషెంట్ పేరు, నంబరు రాసుకుని "ఫోర్ ఎయిట్, నలభై ఎనిమిది" అని తిరిగి చదివింది, టైమ్ రాసింది, అవతలి మనిషి పేరు రాసింది, ఆ తర్వాతే డ్యూటీ డాక్టర్ దగ్గరికి పరుగు. ఫిఫ్టీన్‌కీ ఫిఫ్టీకీ ఫోన్లో తేడా ఎంత వినపడుద్దో మీకు తెలుసు, అందుకే ఈ తిరిగి చదవడం.

మా ఆవిడ థైరాయిడ్ టెస్టుకి వెళ్తే జుట్టు కోసం టాబ్లెట్లు ఏమన్నా వాడుతున్నారా అని అడిగారట. ఆ టాబ్లెట్లలో ఉండే బయోటిన్ అనే విటమిన్ ఎక్కువ డోసులో వాడితే కొన్ని మిషన్లలో థైరాయిడ్ టెస్టులో చూసే టీఎస్‌హెచ్ తక్కువ, టీ4 ఎక్కువ వచ్చి లేని థైరాయిడ్ జబ్బు ఉన్నట్టు చూపిస్తది. 2017లో అమెరికా ఎఫ్‌డీఏ దీని మీద హెచ్చరిక కూడా ఇచ్చింది, గుండెపోటు పట్టే ట్రోపోనిన్ టెస్టు కూడా దీని వల్ల తప్పు చూపించొచ్చని. ఆవిడ టాబ్లెట్లు ఆపి కొన్నాళ్ళాగి ఇచ్చింది.

ఇక తిట్లు.

కౌంటర్ దారుణం. పొద్దున ఏడుంపావుకి వెళ్ళినా టోకెన్ తీసుకుని నిలబడాలి, ఫాస్టింగ్‌లో ఉన్న షుగర్ పేషెంట్లు, మొన్న ఒకావిడ కళ్ళు తిరిగి కూర్చుండిపోయింది. ఓపీ బిల్లు, ఎక్స్‌రే బిల్లు, ల్యాబ్ బిల్లు అన్నిటికీ అదే క్యూ. దీని వల్ల అసౌకర్యం ఒక్కటే కాదు రిజల్టు కూడా పాడవుద్ది, ఎలాగంటే పీపీ షుగర్, అంటే తిన్నాక చూసే షుగర్, తిండి మొదలుపెట్టిన దగ్గర్నుంచి 2 గంటలకి తీయాలి. నాన్న కింద క్యాంటీన్లో ఇడ్లీ తిని కరెక్టు టైముకి వచ్చి కూర్చుంటే ఆయన టోకెన్ పిలిచేసరికి ఇంకో ముప్పావుగంట దాటింది. అప్పటికి షుగర్ దిగిపోద్ది, డాక్టర్ గారు కంట్రోల్ బానే ఉందనుకుంటారు. పీపీ వాళ్ళకి వేరే లైను పెట్టండి, తిన్న టైము, తీసిన టైము రెండూ రిపోర్టు మీద వెయ్యండి అని రాసిచ్చా. లైను పెడతామన్నారు, ఇంతవరకు పెట్టలా.

రెండోది వార్డులు. కింద కలెక్షన్ రూములో ఇంత పద్ధతిగా ఉంటే, పై ఫ్లోర్లో రాత్రి డ్యూటీలో నేను కళ్ళారా చూసింది వేరు. ముందే లేబుళ్ళు అంటించిన ట్యూబుల ట్రే, పక్క మంచం ఆయనకి సెలైన్ ఎక్కుతున్న చేతి నుంచే రక్తం. డెక్స్‌ట్రోస్ ఎక్కుతున్న చేతి నుంచి తీస్తే షుగర్ ఆకాశానికి, మామూలు సెలైన్ అయితే మిగతావి చాలావరకు పల్చబడి పాతాళానికి. పొద్దున మేడమ్‌కి చెప్పా, ఆవిడ ఒప్పుకున్నారు, వార్డు నర్సింగ్ నా చేతిలో లేదండీ, ట్రైనింగ్ ఇస్తున్నాం, మారిపోతుంటారు అని. ఆవిడ బాధ నిజమే, కానీ పేషెంట్‌కి ల్యాబ్ వేరు వార్డు వేరు అని ఉండదు కదా, హాస్పిటల్ ఒకటే. కాపాడేది ఏంటంటే సాఫ్ట్‌వేర్ పాత రిజల్టుతో కొత్తది పోలుస్తది, నాన్న క్రియాటినిన్ ఎప్పుడూ 1.6 చుట్టూ ఉంటది, ఉన్నట్టుండి 0.8 వస్తే ఆగిపోయి ఇది ఈయన రక్తమేనా అని అడుగుద్ది. కొత్త పేషెంట్‌కి ఆ పాత రిజల్టు ఉండదుగా మరి.

హోమ్ కలెక్షన్ కూడా ఉంది, ఎండాకాలం వద్దనే చెప్తా. బ్లేజ్‌వాడ అని ఊరికే అనలా. కుర్రాడు మంచోడే, చల్లటి బ్యాగు తెస్తాడు, కానీ మా ఇంటి తర్వాత పటమట, ఆ తర్వాత బెంజ్ సర్కిల్ అని తిరిగి ల్యాబ్‌కి ఎప్పుడు చేరతాడో తెలియదు. మామూలు ట్యూబులో వదిలేసిన రక్తంలో కణాలు షుగర్ తింటూనే ఉంటాయి, గంటకి 5 నుంచి 7 శాతం దాకా తగ్గుద్ది, అందుకే షుగర్‌కి ఆ తినడాన్ని తగ్గించే మందున్న బూడిద రంగు ట్యూబు. పొటాషియం సంగతి ఇంకా తిరకాసు, రక్తాన్ని సీరం వేరు చెయ్యకుండా ఐసులో పెడితే పెరుగుద్ది. తెలంగాణ ప్రభుత్వం ఉచిత టెస్టుల కోసం టీ-డయాగ్నస్టిక్స్ 2018లో హైదరాబాద్ నారాయణగూడలోని ఐపీఎమ్ అనే ప్రభుత్వ సంస్థలో మొదలుపెట్టినప్పుడు కూడా పీహెచ్‌సీల్లో తీసిన శాంపిల్ అక్కడిదాకా మోసుకురావాల్సొచ్చేది, ఇలాంటి ఏర్పాట్లలో మిషన్ కన్నా ఆ ప్రయాణమే గట్టిగా చూసుకోవాల్సింది. నాన్నకి మాత్రం నేనే ల్యాబ్‌కి తీసుకెళ్తా.

ఫుల్ బాడీ చెకప్ ప్యాకేజీ ఇక్కడా అంటగట్టబోయారు, అన్నీ కలిపి చవక అని. వద్దన్నా. నార్మల్ రేంజి అంటేనే ఆరోగ్యంగా ఉన్న 100 మందిలో 95 మంది ఉండే హద్దు, ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 టెస్టులు చేస్తే ఏ జబ్బూ లేనివాడికి కూడా ఒక్కటైనా ఎర్ర అక్షరాల్లో వచ్చే అవకాశం 64 శాతం. ఆ ఎర్ర అక్షరం పట్టుకుని ఇంకో నాలుగు టెస్టులు, ఒక స్కానింగు. ల్యాబ్ తప్పు లేకుండానే మనిషిని పేషెంట్ చేసే పద్ధతి ఇది.

రేట్లు బయట ల్యాబ్‌ల కన్నా కొంచెం ఎక్కువే, ఆర్‌ఎమ్‌పీకి కమీషన్ ఇచ్చే చోట్లతో పోలిస్తే పెద్ద తేడా లేదు. రిపోర్టు వాట్సాప్‌లో పాథాలజిస్టు సంతకంతోనే వస్తది, ఒకసారి మాత్రం పాత ఫోన్ నంబర్‌కి వెళ్ళింది, కౌంటర్లో మార్పించుకోండి, పాత నంబరు ఇప్పుడు ఎవరి దగ్గరుందో.

వెళ్ళేవాళ్ళు వాడే మందుల చీటీ, పాత రిపోర్టు పట్టుకెళ్ళండి, రక్తం ఇచ్చే ముందురోజు సాయంత్రమే బిల్లు కట్టేస్తే పొద్దున క్యూ తప్పుద్ది, ఈ సంగతి కౌంటర్లో వాళ్ళు చెప్పరు, సెక్యూరిటీ ఆయన చెప్పాడు. పార్కింగ్ లేదు, బండి ఏలూరు రోడ్డు వైపు పెట్టుకుని నడవాల్సిందే. ఆదివారం ఓపీ కలెక్షన్ మధ్యాహ్నం దాకే, ఐఎన్‌ఆర్ శుక్రవారం లోపల ఇచ్చేస్తే మందు డోసు మార్చాల్సి వచ్చినా డాక్టర్ గారు శనివారం దొరుకుతారు.